చెకుముకి ప్రయోగానికి మాడ్చిన గుడ్డే ప్రాణం

సంపాదకుల వారికి,

చెకుముకి రాయిని ఇనుముతో కొడితే నిప్పు పుడుతుందని పిల్లల పేజీలు ఒక్క వాక్యంలో తేల్చేస్తుంటాయి. అది చదివిన పిల్లలు సైన్స్ ప్రదర్శన కోసం ఒక రాయి, ఒక మేకు పట్టుకుని ఎండుగడ్డి మీద కొట్టి కొట్టి, చేతులు నొప్పి పుట్టి వదిలేస్తారు. వాళ్ల తప్పేమీ లేదు. రవ్వకూ గడ్డికీ మధ్య ఉండాల్సిన మాడ్చిన నూలుగుడ్డ గురించి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

రవ్వ రాయిలోంచి రాదు, ఉక్కులోంచి వస్తుంది. రాయి అంచు ఉక్కును గీరినప్పుడు రేగే సన్నని పొట్టు గాలి తగలగానే మండి ఎర్రగా మెరుస్తుంది. ఆ రవ్వ ఎంత వేడిగా ఉన్నా నలుసంతే గనుక, గడ్డిపరకలోని తేమను ఆరగొట్టడానికే దాని వేడి చాలదు. మాడ్చిన గుడ్డలో తేమ, పొగగా పోయే వాయువులు ముందే వెళ్లిపోయి, సన్నని పోగుల బొగ్గు మాత్రమే మిగులుతుంది. రవ్వ పడిన చోట ఆ బొగ్గు అంటుకుని, మంట లేకుండా కణకణమంటూ నలువైపులా పాకుతుంది.

గుడ్డ నూటికి నూరుపాళ్లు నూలుదే కావాలి. పాత పంచె, లుంగీ, ఖద్దరు తువ్వాలు, జీన్స్ ప్యాంటు పనికొస్తాయి. పాలిస్టర్ కలిపి నేసిన టెరికాటన్ పనికిరాదు. అనుమానముంటే ఒక పోగు లాగి వెలిగించి చూడాలి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ కలిస్తే ముడుచుకుపోయి చివర గట్టి పూస కడుతుంది. గంజి పెట్టిన గుడ్డను, కొత్త గుడ్డను బాగా ఉతికి ఆరబెట్టాకే వాడాలి.

గుడ్డను మాడ్చడానికి మూత బిగుతుగా పట్టే రేకు డబ్బా ఒకటి కావాలి. ఖాళీ షూ పాలిష్ డబ్బా సరిగ్గా సరిపోతుంది. ముందుగా దాన్ని ఖాళీగానే నిప్పుల్లో వేసి, పైన రంగు, లోపల మిగిలిన మైనం పూర్తిగా కాలిపోనివ్వాలి. పల్చటి అల్యూమినియం డబ్బా బొగ్గుల వేడికి కరిగిపోవచ్చు. జింకు పూత ఉన్న రేకు నుంచి హానికరమైన పొగ వస్తుంది. రెండూ వద్దు. మూత మధ్యలో సన్న మేకుతో ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల బెజ్జం పెట్టాలి. బెజ్జం లేకపోతే వాయువులు నిండి మూత ఎగిరిపడుతుంది. మరీ పెద్దదైతే గాలి లోపలికి వెళ్లి గుడ్డ బూడిదవుతుంది.

గుడ్డను నాలుగైదు సెంటీమీటర్ల చదరపు ముక్కలుగా కోసి, పదిహేను ఇరవై ముక్కలను అదమకుండా వదులుగా పేర్చి మూత పెట్టాలి. ఈ పనంతా ఆరుబయటే చేయాలి, వంటగదిలో వద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. డబ్బాను ఎగసే మంటలో కాకుండా నిప్పుల మీద పెట్టాలి. కాసేపటికి బెజ్జంలోంచి తెల్లటి పొగ వస్తుంది. ఒక్కోసారి ఆ పొగ అంటుకుని బెజ్జం దగ్గర చిన్న మంట నిలుస్తుంది, భయపడనక్కర్లేదు. మధ్యలో ఒకసారి పట్టకారుతో డబ్బాను తిప్పి పెట్టాలి. సాధారణంగా ఐదు నుంచి పది నిమిషాల్లో పని అయిపోతుంది. అయితే చూడాల్సింది గడియారం కాదు, పొగ. పొగ ఆగగానే డబ్బాను బయటికి తీసి, బెజ్జంలో మేకు గుచ్చి మూసేయాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. డబ్బా చేత్తో పట్టుకునేంత చల్లబడక ముందే ఆత్రంగా మూత తీస్తారు. వేడి బొగ్గుకు గాలి తగలగానే లోపలున్నదంతా అంటుకుని, చూస్తుండగానే బూడిదవుతుంది. ఓపిక పట్టాల్సింది అప్పుడే.

సరిగ్గా మాడిన ముక్క అంతటా ఒకే నలుపుగా ఉంటుంది. మొదటి కొలత కన్నా కుంచించుకుపోయినా నేత పోగులు స్పష్టంగా కనిపిస్తాయి. రెండు వేళ్లతో ఎత్తితే నిలుస్తుంది, కొంచెం లాగితే చిరుగుతుంది. ఎక్కడైనా గోధుమరంగు కనిపిస్తే ఇంకా మాడలేదని అర్థం. ఆ చోట రవ్వ పడినా ఆరిపోతుంది గనుక మళ్లీ మూత పెట్టి నిప్పుల మీదికి పంపాలి. ముట్టుకుంటేనే పొడి అయ్యే ముక్క ఎక్కువ మాడినది, దాన్ని బాగుచేసే దారి లేదు.

ఇక కొట్టే సరంజామా. మేకుల్లో, ఇనుప కడ్డీల్లో వాడే మెత్తని ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీలు రెండూ ఈ పనికి రావు. కార్బన్ ఎక్కువగా ఉండి, కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరిచిన ఉక్కు కావాలి. అరిగిపోయిన ఆకురాయి, అంటే మెకానిక్ షెడ్డులో ఫైలు అనేది, అన్నిటికన్నా మేలు. దాని అంచు మీది గళ్లను సాన మీద నున్నగా చేసుకోవాలి. సాన పట్టేటప్పుడు వేడెక్కి ఉక్కు నీలం రంగుకు తిరిగితే గట్టిదనం పోతుంది. అందుకే మాటిమాటికీ నీళ్లలో ముంచాలి.

రాయి విషయానికొస్తే, ఇంగ్లండులో సుద్దరాతి పొరల్లో దొరికే ఫ్లింట్ అనే అసలు చెకుముకి రాయి కోసం వెతకనక్కర్లేదు. కడప ప్రాంతపు వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి) పొరల్లో కనిపించే చెర్టు అనే గట్టి రాయి, వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి కింది దక్కను రాళ్లలో దొరికే అగేట్ అనే చారల రాయి చక్కగా పనిచేస్తాయి. పలుగురాయితోనూ రవ్వలు వస్తాయి కానీ దాని అంచు త్వరగా మొద్దుబారుతుంది. చీకట్లో రెండు పలుగురాళ్లు రాసి వెలుగు చూసిన పిల్లలు అది నిప్పే అనుకుంటారు. ఆ వెలుగు దేన్నీ అంటించదు.

గుడ్డ ముక్కను రాయి పైన, పదునైన అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు వెనగ్గా ఉంచి బొటనవేలితో అదమాలి. ఉక్కును పైనుంచి కిందికి, అంచును ఒరుసుకుంటూ పోయేలా ఏటవాలుగా కొట్టాలి. నేరుగా మోదితే రాయే పగులుతుంది. పెచ్చులు ఎగురుతాయి గనుక పిల్లల చేత కళ్లద్దాలు పెట్టించడం తప్పనిసరి. గుడ్డ మీద ఎర్రటి చుక్క కనపడగానే ఎండుగడ్డి, గోనె పీచు కలిపి చేసిన గూట్లో దాన్ని పెట్టి, ముఖానికి కొంచెం దూరంగా పట్టుకుని నెమ్మదిగా ఊదాలి. పొగ చిక్కబడ్డాక మంట లేస్తుంది. ఒట్టి కొబ్బరిపీచు కణికను నిలుపుతుంది గానీ మంట త్వరగా ఇవ్వదు.

దుకాణాల్లో ఫ్లింట్ పేరుతో అమ్మే నల్లటి కడ్డీ, లైటరులో వేసే రాయి చెకుముకి కావు. అవి ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1903లో పేటెంటు తీసుకున్న మిశ్రలోహం. దాన్ని గీరితే లోహమే మండుతుంది. ఆ రవ్వలు ఎంతో వేడిగా ఉండి ఉత్త దూదినే అంటిస్తాయి. వీడియోల్లో దాన్ని చూసి చెకుముకి అనుకున్నవాళ్లకు గుడ్డ ఎందుకో తోచదు. మీ పిల్లల పేజీలో ఈసారి చెకుముకి బొమ్మ వేసినప్పుడు రాయి, ఉక్కు పక్కన ఈ గుడ్డ డబ్బాను కూడా చూపించమని మనవి.

మాడ్చిన గుడ్డ గాలిలో తేమను ఇట్టే పీల్చుకుంటుంది. వానాకాలంలో బెజ్జం లేని మరో బిగుతు డబ్బాలో దాచాలి. ప్రయోగం అయ్యాక మిగిలిన కణికను ఊది ఆర్పబోతే ఇంకా రగులుతుంది. ఖాళీ డబ్బాలో వేసి మూత బిగిస్తే గాలి అందక ఆరిపోతుంది. ఆ డబ్బాను మాత్రం పూర్తిగా చల్లారేదాకా పుస్తకాల సంచిలో పెట్టుకోనివ్వకూడదు.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
వికారాబాద్