ఆగస్టు 23 కాగితం

ఒంగోలు,
ఆగస్టు 18.

ప్రియ మిత్రమా,

ఉభయకుశలోపరి. మీ కావలి బడిలో ప్రార్థన సమయాన పిల్లల చేత చదివించేందుకు ఆగస్టు 23వ తేదీ విశేషాలు వ్రాసి పంపమని అడిగావు. పంపుతున్నాను గాని, నీవు కోరినట్లు పది వాక్యాల జాబితాగా మాత్రం కాదు. ఒక పిల్లవాడు మైకు ముందు నిలబడి వార్తలు, జి.కె., చరిత్రలో ఈ రోజు అన్నీ గుక్క తిప్పుకోకుండా చదివేస్తూ ఉంటే, ఎండలో ఉన్న మిగిలిన పిల్లలు జనగణమన ఎప్పుడు వస్తుందా అని చూస్తుండడం నీకు తెలియనిది కాదు. ఒకే తేదీన జరిగినంత మాత్రాన సంఘటనలకు చుట్టరికం కలవదు. కలిసిన చోట దానిని విప్పి చెబితే మాత్రం పిల్లలు మరచిపోరు.

మొదట మన ప్రకాశం పంతులుగారిని చెప్పించు. 1872 ఆగస్టు 23న మా ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టారు. సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా 1928లో మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపిన ఘట్టం పిల్లలకు ఎలాగూ తెలుసు. అందుచేత, తండ్రి పోయిన తరువాత తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను పెంచిన సంగతి చెప్పించు. ఆ ఇంటి పిల్లవాడే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

2023లో అదే తేదీ సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతం దగ్గర దిగింది. పంతులుగారి పుట్టినరోజుకూ దీనికీ సంబంధం లేదు, కేవలం కాకతాళీయం, కలపాలని చూడవద్దు. అయితే ఆ తేదీని ఎంచుకోవడం మాత్రం కాకతాళీయం కాదు. చంద్రునిపై పగలు మన లెక్కలో సుమారు 14 రోజులు ఉంటుంది. విక్రమ్, దానిలోంచి దిగి తిరిగే చిన్న బండి ప్రజ్ఞాన్ సూర్యరశ్మితో పనిచేసేవి గనుక, దిగే చోట తెల్లవారిన వెంటనే దిగితేనే ఆ పగలంతా పనికి వస్తుంది. తేదీని నిర్ణయించింది సూర్యుడేనని చెబితే పిల్లల కళ్ళు ఎలా విప్పారుతాయో చూడు. పనిలో పనిగా ఒక జి.కె. ప్రశ్న: శ్రీహరికోట ఏ జిల్లాలో ఉంది? మీ వాళ్ళు తప్పక నెల్లూరు అంటారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయింది. 2019లో చంద్రయాన్-2 నెల్లూరు జిల్లా నుండే ఎగిరింది, చంద్రయాన్-3 తిరుపతి జిల్లా నుండి. ప్రయోగ కేంద్రం మాత్రం ఉన్నచోటనే ఉంది.

నాకు అన్నిటికంటె ఇష్టమైనది మూడవది. 1939 ఆగస్టు 23న జర్మనీ, సోవియట్ యూనియన్ మాస్కోలో ఒకరిపై ఒకరు దాడి చేయబోమని ఒప్పందం చేసుకున్నాయి. దానికి తోడు, తూర్పు ఐరోపాను పంచుకుంటూ ఒక రహస్య పత్రం కూడా వ్రాసుకున్నాయి. మరుసటి ఏడాదికల్లా ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా సోవియట్ వశమైపోయాయి. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1989లో, అదే తేదీని కావాలనే ఎంచుకొని, ఆ మూడు దేశాల ప్రజలు సుమారు 20 లక్షల మంది చేయీ చేయీ పట్టుకొని 600 కిలోమీటర్లకు పైగా బారులు తీరి నిలబడ్డారు. అంటే దాదాపు ఒంగోలు నుండి చెన్నై వెళ్ళి తిరిగి వచ్చేంత దూరం. ఆ డిసెంబరులోనే సోవియట్ పార్లమెంటు రహస్య పత్రాన్ని ఖండించింది. 1991కల్లా మూడూ స్వతంత్ర దేశాలయ్యాయి. యుక్రెయిన్ యుద్ధ వార్తలలో ఈ దేశాల పేర్లు విన్నప్పుడు, రష్యా అంటే వాటికి ఎందుకంత బెదురో దీనితో అర్థమవుతుంది. పిల్లలను వరుసలో చేతులు పట్టుకొని నిలబడమను. ప్రార్థన వరుసలు ఎలాగూ సిద్ధంగానే ఉంటాయి గదా.

1973లో ఇదే తేదీన స్టాక్‌హోమ్‌లో మొదలైన బ్యాంకు దోపిడీ, బందీలకు దొంగల మీదనే జాలి పుట్టిన వైనం, రసవత్తరమే గాని ప్రార్థనలో వద్దు. పదవ తరగతి వాళ్ళకు తీరిక పీరియడులో చెప్పుకో.

ఇక 29వ తేదీన గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ జయంతి రెండూ వస్తున్నాయి. ఒక్కరోజు ప్రార్థనకు రెండూ పట్టవు. మీ వాళ్ళకు ఏది ముందు కావాలో శుక్రవారం లోపల వ్రాస్తే, దాని ప్రకారం కాగితం తయారుచేస్తాను. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ మిత్రుడు