మెడ మీద గడ్డకు టీఎస్‌హెచ్ ఒక్కటే చాలదు

సంపాదకుడి గారికి నమస్కారం.

థైరాయిడ్ అనగానే పత్రికల్లో బరువు, జుట్టు రాలడం, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్త పరీక్ష) ఎంతుండాలి, ఇవే వస్తాయి. మెడ మీద వాపు కనిపించినవాళ్లు ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు తక్కువ. టీఎస్‌హెచ్ హార్మోన్ సంగతి చెబుతుంది గానీ ఆ గడ్డేమిటో చెప్పదు. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో చాలామందికి అది నార్మల్‌గానే వస్తుంది! రిపోర్టు బాగుందని ఇంటికెళ్లిపోతే ఎలా?

ఏళ్లుగా హషిమోటో (ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు) ఉన్న మనిషికి కొన్ని వారాల్లోనే మెడ ఉబ్బి, గొంతు బొంగురుపోయి, మింగడం కష్టమైతే అది మాత్రల డోసు మార్చి ఊరుకునే విషయం కాదు. అరుదుగా అది థైరాయిడ్ లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల నుంచి పుట్టే క్యాన్సర్, కావచ్చు. సన్న సూదితో తీసిన కణాల్లో ఇది ఒక్కోసారి తేలదు, లావు సూదితో చిన్న ముక్క తీసి చూడాలి. తేలిందంటే ఎక్కువమందికి కీమో, రేడియేషన్‌తోనే వైద్యం చేస్తారు, గ్రంథి మొత్తం తీసేసే పని సాధారణంగా ఉండదు. అందుకే కత్తి పట్టేముందే జబ్బు పేరు తెలియాలని నేనింతగా అంటున్నాను.

పిల్లల విషయం ఇంకా బాధగా ఉంటుంది. మెడ మధ్యలో, నాలుక చాపితే పైకి కదిలే బుడిపె చాలావరకు థైరోగ్లోసల్ తిత్తే (థైరాయిడ్ ఏర్పడేటప్పుడు మిగిలిపోయిన నీటి సంచి), ఆపరేషన్ చేసి తీస్తారు. కానీ ఎప్పుడో ఒకరిలో ఆ బిడ్డకున్న థైరాయిడ్ అంతా ఆ బుడిపెలోనే ఉంటుంది, తీసేస్తే జీవితాంతం మాత్రలే. గ్రంథి దాని చోట ఉందో లేదో ముందే అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటే ఆ ముప్పు తప్పుతుంది.

జ్వరంతో మెడలో బిళ్లలు కడితే టీబీ అనుకోవడం సహజమే. అయితే 1972లో జపాన్ వైద్యులు గుర్తించిన కికుచి జబ్బు కూడా అలాగే ఉంటుంది, యువతుల్లో ఎక్కువ, సాధారణంగా కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. బయాప్సీ లేకుండా నెలల తరబడి టీబీ మందులు మింగించడం ఏం న్యాయం? ఇక థైరాయిడ్ గడ్డ మెడుల్లరీ అనే అరుదైన రకం క్యాన్సర్ అని తేలితే దాదాపు నలుగురిలో ఒకరికి అది వంశపారంపర్యం, కాబట్టి జన్యు పరీక్ష చేయించాలి, అందులో లోపం బయటపడితే తోబుట్టువులకూ పిల్లలకూ కూడా.

దయచేసి మీ ఆరోగ్య పేజీలో నిపుణులతో ఇవి రాయించండి. రెండు మూడు వారాలైనా తగ్గని గడ్డకు స్కాన్, అవసరమైతే సూది పరీక్ష అడగాలని, అరుదైన జబ్బు పేరు వస్తే తీసిన కణాల గాజు స్లైడ్లు తీసుకుని ఇంకో పెథాలజిస్టుకు (వాటిని పరీక్షించే డాక్టరుకు) చూపించుకోవచ్చని జనానికి తెలియాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు