అమ్మలుకి, కొత్త ఉద్యోగం గురించి

అమ్మలూ,

మొన్న ఫోన్లో "ఏముందమ్మా ఇందులో, డబ్బున్నోళ్ళకి ట్యాక్స్ తగ్గించడం, పాత ట్రస్ట్ డీడ్ తీసి పేర్లు మార్చడం" అన్నావ్ చూడు, పక్కన మీ నాన్న ఉన్నాడని ఊరుకున్నా, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా చదువు. ముంబైలో ఆ అద్దాల బిల్డింగ్‌లో మీరు చేసేదీ, గుంటూరులో కోర్టు దగ్గర ఈ రెండు గదుల ఆఫీసులో లాయర్‌గా నేను చేసేదీ ఒకటే పని, కుటుంబాల ఆస్తికి వీలునామాలూ ట్రస్టులూ రాయడం. ట్రస్ట్ అంటే ఒకరి ఆస్తిని ఇంకొకరి కోసం చూడమని మూడోవాడి చేతిలో పెట్టడమే కదా, ఆ మూడోవాడే ట్రస్టీ. ఫీజులో సున్నాలే తేడా.

ట్యాక్స్ సంగతి ముందు తేల్చేద్దాం. మన దేశంలో చనిపోయినవాళ్ళ ఆస్తి మీద పన్ను 1985లోనే ఎత్తేశారు, ఒకప్పుడు పై స్లాబులో 85 శాతం దాకా ఉండేదది. మళ్ళీ తెస్తారంట అని బడ్జెట్ ముందల్లా పుకారు లేస్తుంది, ఆ పుకారు పట్టుకుని ట్రస్ట్ పెట్టేద్దాం మేడం అని పరిగెత్తుకొస్తారు. ఎవరికి ఎంతివ్వాలో ట్రస్టీ ఇష్టానికి వదిలేసే ట్రస్ట్ అయితే దాని ఆదాయం మీద మామూలుగా పై రేటే పడుతుందయ్యా అని చెప్పగానే సగంమంది టీ తాగి లేచిపోతారు. పోనీ. నిజంగా ట్రస్ట్ కావాల్సినవాళ్ళు వేరే ఉంటారు. బుద్ధి ఎదగని పిల్లాడున్న తల్లిదండ్రులు, మా తర్వాత వీడికి అన్నం ఎవరు పెడతారు అని అడిగేవాళ్ళు. వాళ్ళ డీడ్‌లో ట్యాక్స్ క్లాజు అరగంట పని, ట్రస్టీ ఎవరు, ఆ ట్రస్టీ పోతే ఎవరు, పిల్లాడిని చూసుకునేవాడూ డబ్బు చేతిలో ఉన్నవాడూ ఒక్కడే అయితే లెక్క అడిగేదెవరు, ఇవి తేలడానికి నెలలు పడుతుంది. ఆ నెలలు విసుక్కోకుండా కూర్చో వాళ్ళతో.

ఇంక నేను నీకు చెప్పాలనుకున్న అసలు మాట. ఫైల్ మోసుకొచ్చినవాడు నీ క్లయింట్ కాదు, ఆస్తి ఎవరిదో వాళ్ళే క్లయింట్. ఇది పుస్తకాల్లో ఉంటుంది, కానీ ఆఫీసులో నీ ముందు నలుగురు కూర్చున్నప్పుడు మర్చిపోతారు. ఒక మిర్చి రైతుని వాళ్ళబ్బాయి కార్లో తీసుకొచ్చాడు (ఊరూ వివరాలూ మార్చి చెప్తున్నాలే, నువ్వు కూడా మీ క్లయింట్ల పేర్లు నాకు కూడా చెప్పకు). నాన్నగారు ఇల్లూ పొలం మొత్తం నా పేర సెటిల్‌మెంట్ (బతికుండగానే ఆస్తి ఇచ్చేసే దస్తావేజు) రాసేస్తానంటున్నారండీ, వీలునామా అయితే రేపు గొడవలు, ఫ్యామిలీ లోపల స్టాంప్ డ్యూటీ కూడా తక్కువేగా అని అన్నీ ఆ అబ్బాయే మాట్లాడుతున్నాడు. పెద్దాయన కండువా కొస వేలికి చుట్టడం విప్పడం, చుట్టడం విప్పడం. అబ్బాయిని ఆధార్ జిరాక్సులు తీయించుకురమ్మని కిందకి పంపా. పంపి, ఇదంతా రాసిచ్చాక అమ్మగారు ఏ గదిలో పడుకుంటారండీ అని అడిగా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అదే అడుగుదామనొచ్చానమ్మా, వాడి ముందు అడగలేక" అన్నాడు.

సెటిల్‌మెంట్ రిజిస్టర్ అయిందంటే మనసు మారింది అంటే కుదరదు, వీలునామా అయితే బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. 2007 నాటి సీనియర్ సిటిజన్స్ చట్టం కింద పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గరికెళ్ళి సెటిల్‌మెంట్ రద్దు చేయించుకోవచ్చు నిజమే, కానీ చూసుకోవాలన్న షరతు డీడ్‌లో రాసి ఉంటే ఆ పోరాటం తేలిక, లేకపోతే ఏళ్ళ తరబడి వాదించుకోవాలి. ఆ ఒక్క వాక్యం రాయించడమే మన పని. అలాగే భార్యకి బతికున్నంతకాలం అనుభవ హక్కు, తర్వాత కొడుక్కి అని రాసేటప్పుడు కూడా నిద్రమత్తులో రాయకు. 1977లో సుప్రీంకోర్టు తులసమ్మ కేసులో, మన ఆంధ్రా నుంచి వెళ్ళిన కేసే అది, పోషణ హక్కు కింద ఆడమనిషికిచ్చిన పరిమిత హక్కు సంపూర్ణ హక్కు అయిపోతుందంది. నువ్వు రాసిన "తర్వాత కొడుక్కి" గాలికి పోవచ్చు.

కూతురి మాట మాత్రం ఎవరూ ఎత్తరు, నువ్వే ఎత్తాలి. పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద రెండెకరాలు ఇచ్చాం కదమ్మా అంటారు. ఆ రెండెకరాలకి కాగితం ఉందా అని అడుగు, చాలాసార్లు ఉండదు. పిత్రార్జితంలో ఆడపిల్లకి కొడుకుతో సమానంగా వాటా ఎన్టీఆర్ టైంలోనే మన రాష్ట్రం ఇచ్చింది, అప్పటికే పెళ్ళయినవాళ్ళకి తప్ప. 2005లో దేశమంతా వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు తండ్రి 2005 నాటికి బతికి ఉండక్కర్లేదని తేల్చింది. స్వార్జితం అయితే ఆయనిష్టం, ఎవరికైనా రాసుకోవచ్చు, కానీ కూతురికి ఎందుకివ్వట్లేదో ఒక లైన్ రాయించు, పేరే లేకుండా వదిలేస్తే ఆ పిల్ల కోర్టుకెళ్ళేది ఎకరం కోసం కాదు, ఆ అవమానానికి.

వీలునామాకి సాక్షులిద్దరూ రాసినాయన కంటే వయసులో చిన్నవాళ్ళయి ఉండాలి. రాసినాయన ఈడువాళ్ళని పెడితే కేసు నడిచే టైంకి ఒక్కరూ మిగలరు, సాక్షుల్లో ఎవరైనా బతికుంటే కనీసం ఒక్కరిని కోర్టుకి తీసుకురావాలి, ఎవరూ లేకపోతే వీలునామా రుజువు చేయడం కష్టమవుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా నేను చేయించుకోమనే చెప్తా.

ఇప్పుడు ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఇవి కూడా. అక్కడ ఉన్న కొడుక్కి పొలం గిఫ్ట్ ఇవ్వడానికి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) ఒప్పుకోదు, అదే పొలం వారసత్వంగానో వీలునామాతోనో వస్తే తీసుకోవచ్చు. అక్కడి పిల్లలకి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి ఇక్కడి నుంచి వస్తే పన్ను లేకపోయినా అక్కడి ట్యాక్స్ వాళ్ళకి ఫారం ఇవ్వాలి, మానేస్తే పెనాల్టీ మోత మోగిస్తారు. మన ఊళ్ళో కూర్చుని యాప్‌లో అమెరికా షేర్లు కొనే కుర్రాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పరు, అక్కడి పౌరుడూ నివాసీ కానివాడు పోతే 60,000 డాలర్లు దాటిన అక్కడి ఆస్తి మీద ఎస్టేట్ ట్యాక్స్ 40 శాతం దాకా పడుతుందని. ఇంకో తమాషా, మేనమామ మేనల్లుడికి ఎంతిచ్చినా మేనల్లుడికి ట్యాక్స్ లేదు, మేనల్లుడు మేనమామకి 50,000 దాటి ఇస్తే మేనమామకి ఉంది. మీ మావయ్యకి చెప్తే నమ్మలేదు.

పెద్దవాళ్ళ కాగితాలు పక్కాగా ఉంటాయనుకోకు. ఏడో నిజాం ఎన్ని ట్రస్టులు పెట్టాడో, నగలకి కూడా ట్రస్టే, 1995లో 173 నగలు ప్రభుత్వం 218 కోట్లకి కొంది. అదే నిజాం డబ్బు 1948 సెప్టెంబరులో పది లక్షల పౌండ్లు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకి వెళ్ళింది, ఎవరి కోసం ఏ షరతు మీద ఇచ్చారన్న గొడవతో 2019 దాకా నలిగింది. చివరికి ఆ హైకమిషనర్ అది నిజాం కోసం ట్రస్ట్‌గా పట్టుకున్నట్టే లెక్క అని తీర్పొచ్చింది, అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లు. తాతలు పోయారు, మనవళ్ళు ముసలాళ్ళయ్యారు.

మా ఇద్దరి వీలునామాలు నువ్వు లాయర్‌వి కదా అని నీచేత రాయించం. వాటా ఉన్నదానివి, నువ్వు ఆ కాగితం ముట్టుకోకూడదు, తమ్ముడికి రేపు ఒక్క అనుమానం కూడా రాకూడదు. నాతో చదువుకున్న ఒకామె రాస్తోంది. నాన్న ఇంకా ఆ డాబా ఇల్లు ఎవరికన్నది తేల్చట్లేదు, సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు మాత్రం అడగకు, నేనడుగుతా. టికెట్లు ఇప్పుడే చూడు, తర్వాత దొరకవు.

అమ్మ