పరిశోధన డేటా పెన్ డ్రైవ్‌ల పాలు కాకూడదు: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయంలో జీవశాస్త్ర ల్యాబ్ నడుపుతున్న అధ్యాపకురాలిని. ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ప్రతి ల్యాబ్‌కీ ఎలక్ట్రానిక్ ల్యాబ్ నోట్‌బుక్ (ప్రయోగాల రికార్డును కంప్యూటర్‌లో రాసి దాచుకునే సాఫ్ట్‌వేర్) ఉచితంగా అందేలా ఒక జాతీయ సేవ ఏర్పాటు చేయమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మా ల్యాబ్‌లలో పరిస్థితి ఇది. పీహెచ్‌డీ స్కాలర్ అయిదారేళ్లు కష్టపడతారు. రోజూ చేసిన ప్రయోగం రిజిస్టర్‌లో రాస్తారు. జెల్ (డీఎన్‌ఏ, ప్రోటీన్లను విడదీసి చూసే పరీక్ష) ఫోటో దాన్ని తీసే మిషన్ పక్కనున్న కంప్యూటర్‌లో ఉంటుంది, లెక్కలు సొంత లాప్‌టాప్‌లో ఎక్సెల్ షీట్లలో ఉంటాయి, మైక్రోస్కోప్ చిత్రాలు పెన్ డ్రైవ్‌లో, గైడ్‌తో జరిగిన చర్చ వాట్సాప్‌లో. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోని ట్యూబుల మీద మార్కర్‌తో రాసిన పొట్టి పేర్లు ఆ స్కాలర్‌కి తప్ప ఇంకెవరికీ అర్థం కావు. థీసిస్ సబ్మిట్ చేశాక ఆ అమ్మాయో అబ్బాయో పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకి, విదేశం వెళ్తారు, లేదంటే కంపెనీలో చేరతారు. తర్వాత ఆ ప్రాజెక్టు అందుకున్న విద్యార్థికి ఫ్రీజర్‌లో "క్లోన్ 3 కొత్తది" అనే ట్యూబ్ దొరుకుతుంది. దేనికి క్లోనో, ఎప్పటి కొత్తదో ఎక్కడా ఉండదు. ఫోన్ చేస్తే పాత స్కాలర్లు ఓపిగ్గా మాట్లాడతారు, గుర్తున్నంత చెబుతారు. గుర్తులేనిది మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. రసాయనాలు మళ్లీ కొనాలి. ఎలుకల మీద చేసిన ప్రయోగమైతే మరికొన్ని ప్రాణాలు పోతాయి. ఒకసారి తెలిసిన విషయాన్నే మళ్లీ తెలుసుకోవడానికి ప్రాణులను చంపడం నాకు అన్నిటికంటే బాధగా ఉంటుంది.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. 1991 నుంచి 2011 వరకు వచ్చిన 516 పరిశోధన వ్యాసాలను తీసుకుని, వాటి వెనక ఉన్న డేటా కోసం రచయితలను అడిగి చూసిన ఒక అధ్యయనం 2014లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చింది. వ్యాసం పాతబడేకొద్దీ ఆ డేటా మిగిలి ఉండే అవకాశం ఏటా 17 శాతం చొప్పున పడిపోతోందని తేలింది. కొందరి ఈమెయిళ్లు పనిచేయడం లేదు. కొన్నిచోట్ల ఫైళ్లు ఉన్నా, వాటిని తెరిచే డ్రైవ్‌లు ఇప్పుడు వాడుకలో లేవు.

ఎలక్ట్రానిక్ నోట్‌బుక్ వస్తే మారేదేమిటి? రాసిన ప్రతి ఎంట్రీకీ తేదీ, సమయం, రాసినవారి పేరు వాటంతటవే పడతాయి. తర్వాత దిద్దితే పాత రూపం చెరిగిపోదు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రలా ఉంటుంది. ప్రయోగానికి జెల్ ఫోటోను, ఎక్సెల్ షీట్‌ను, ఫ్రీజర్‌లో ట్యూబ్ ఏ బాక్సులో ఏ గడిలో ఉందో ఆ వివరాన్నీ జత చేయవచ్చు. నాలుగేళ్ల కింద వాడిన యాంటీబాడీ ఏ బ్యాచ్‌దో వెతికితే నిమిషంలో దొరుకుతుంది.

ఇందులో స్కాలర్లకు ఇంకో మేలు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వ్యాసంలో ఎవరి పేరు ముందుండాలి, ఈ ప్రయోగం ముందు ఎవరు చేశారు అన్న గొడవల్లో ఓడిపోయేది దాదాపు ఎప్పుడూ చిన్నవాళ్లే. కాగితం రిజిస్టర్ ల్యాబ్‌లోనే ఉండిపోతుంది, స్కాలర్ చేతిలో రుజువు ఏమీ ఉండదు. తేదీతో, డిజిటల్ ముద్రతో ఉన్న రికార్డు వాళ్లకు అండ. దొంగ లెక్కలు రాశారన్న ఆరోపణ వస్తే, నిజాయితీగా పనిచేసినవారిని కాపాడేది కూడా అదే.

అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ తన సొంత ల్యాబ్‌లన్నీ 2024 జూన్ 30 నాటికి ఎలక్ట్రానిక్ నోట్‌బుక్‌లకు మారాలని గడువు పెట్టింది. పారిస్‌లోని క్యూరీ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన ఈల్యాబ్‌ఎఫ్‌టీడబ్ల్యూ అనే ఎలక్ట్రానిక్ నోట్‌బుక్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు, లైసెన్సు ఫీజు లేదు. జర్మనీలో కార్ల్స్‌రూహే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్లు రసాయన శాస్త్రం కోసం కెమోషన్ అనే నోట్‌బుక్ తయారు చేశారు. అంటే మనం కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఈ క్రమశిక్షణ కొత్తదేమీ కాదు. ఇక్కడి ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేరిన కుర్రాడికి ముందుగా నేర్పేవి ఇవే: ఎవరు రాశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, పని జరిగినప్పుడే రాయాలి, అసలు రికార్డే ఉండాలి, తప్పులుండకూడదు. ఎలక్ట్రానిక్ రికార్డులకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లోనే నిబంధనలు పెట్టింది. అక్కడికి మందులు పంపాలంటే మన కంపెనీలు వాటిని పాటించాలి. ఎమ్మెస్సీలో మేం నేర్పాల్సింది మా విద్యార్థులు ఉద్యోగంలో చేరాక నేర్చుకుంటున్నారు. ఒక టీచర్‌గా ఇది నాకు కష్టంగా అనిపిస్తుంది.

ఇతరులు రాసిన జర్నళ్లు చదవడానికి మన ప్రభుత్వం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం తెచ్చింది, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. అది మంచి పని, మా విద్యార్థులకు ఎంతో ఉపయోగం. మన థీసిస్‌లు శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో భద్రంగా ఉంటున్నాయి. జీవశాస్త్ర డేటా కోసం ఫరీదాబాద్‌లో ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ 2022లో మొదలైంది. ఇవన్నీ పని పూర్తయ్యాక వచ్చే ఫలితాలకు చోటు చూపిస్తున్నాయి. థీసిస్‌లో పది పేజీలుగా కనిపించే ఫలితం వెనక వందల రోజుల ప్రయోగాలుంటాయి, వాటిలో చాలా విఫలమైనవే. ఆ విఫలమైనవాటిని పక్క ల్యాబ్ వాళ్లు చూడగలిగితే అదే తప్పు మళ్లీ చేయరు. వాటికి మాత్రం ఇప్పటిదాకా చోటు లేదు.

అందుకే అడుగుతున్నాను. శోధగంగను నడిపే, యూజీసీ కింద ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కి ఈ బాధ్యత అప్పగించేలా చూడండి. ఒక ఓపెన్ సోర్స్ నోట్‌బుక్‌ను దేశంలోని సర్వర్లలో పెట్టించండి. ప్రతి విశ్వవిద్యాలయం సొంతంగా కొనుక్కోవాలంటే పెద్ద సంస్థలు కొంటాయి, జిల్లాల్లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాలు మిగిలిపోతాయి. నెట్ పోయినా, కరెంటు పోయినా రాసుకుని తర్వాత ఎక్కించే వీలుండాలి. గ్లవ్స్‌తో పనిచేసే చోట వాడటానికి చవక ట్యాబ్‌లకూ, డేటా నిల్వకూ గ్రాంటులో ఖర్చు చూపించుకోనివ్వాలి. రోగుల వివరాలున్న డేటాకు వేరే భద్రత తప్పనిసరి. ఏ రోజైనా మొత్తం డేటాను మామూలు ఫైళ్లుగా బయటికి తీసుకోగలగాలి, లేకపోతే రిజిస్టర్ నుంచి బయటపడి ఏదో ఒక కంపెనీ చేతిలో చిక్కుకుంటాం.

ఇంకొక్క మాట, ఇది గట్టిగా చెప్పాలి. దీన్ని హాజరుపట్టీ చేయకండి. ఏ స్కాలర్ రోజుకి ఎన్ని ఎంట్రీలు రాశారు, రాత్రి ఎన్నింటికి రాశారు అని లెక్కలు మొదలైతే, వాళ్లు భయంతో నింపడానికే నింపుతారు. ఆ రాతల్లో నిజం ఉండదు. ఫెలోషిప్ డబ్బులు నెలల తరబడి రాక ఇప్పటికే టెన్షన్‌లో ఉన్న పిల్లలు వీళ్లు. ఎంట్రీల సంఖ్యను ఫెలోషిప్‌కు గానీ, ప్రమోషన్‌కు గానీ ముడిపెట్టకూడదని నిబంధనలోనే రాయించండి. వెళ్లిపోయే స్కాలర్‌కి తన రికార్డు కాపీ తీసుకెళ్లే హక్కు ఉండాలి.

మొదట కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఏడాది పాటు నడిపి చూడండి, వాటిలో కనీసం సగం రాష్ట్ర విశ్వవిద్యాలయాలు కావాలి. మా ల్యాబ్‌ను అందులో చేర్చుకుంటే సంతోషంగా ముందుకొస్తాం. ఆ ఏడాదిలో వాడినవాళ్లు, ముఖ్యంగా స్కాలర్లు, ఏం చెబుతారో విని, ఆ తర్వాతే, పరిశోధనలకు నిధులిచ్చే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ గ్రాంటుల షరతుల్లో దీన్ని చేర్చండి.

ఇట్లు,
ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు,
హైదరాబాద్