ఏం పోస్తారో అడిగాం, దేంతో కడుగుతారో అడగలేదు

మేం చేసిచ్చిన 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ ట్యాంకు ఒకటి పోయిన నెల వెనక్కి వచ్చింది. పట్టుమని ఏడాది కూడా కాలేదు, అడుగున కారుతోంది. లోపలికి దిగి చూస్తే, ట్యాంకు ఖాళీ చేసే గొట్టం, అంటే డ్రెయిన్ నాజిల్ పక్కన గుండుసూది మొనంత నల్లటి చుక్క. సన్నటి మొనతో గీకితే ఆ చుక్క కింద ప్లేటు గుల్లబారిపోయి ఉంది. చుట్టూ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. పిట్టింగ్, అంటే లోహానికి అక్కడక్కడా గుంటలు పడటం, ఇలాగే ఉంటుంది, పైకి ఏమీ కనపడనివ్వదు.

అందులో పోసే సరుకు 316ఎల్‌ని ఏమీ చేయదు. కానీ షిఫ్టు అయ్యాక బ్లీచింగ్ ద్రావణమైన సోడియం హైపోక్లోరైట్‌తో కడుగుతున్నారు. ఆ సంగతి మేం అడగనే లేదు. పైగా నాజిల్‌ని ట్యాంకు అడుగుభాగం కంటే కాస్త ఎత్తున వెల్డ్ చేశాం, దాంతో కడిగిన నీళ్లు రాత్రంతా అక్కడే నిలిచేవి. రెండు తప్పులూ మావే. కొత్త ట్యాంకు మా ఖర్చుతోనే చేస్తున్నాం.

స్టెయిన్‌లెస్‌ని కాపాడేది పైనున్న అతి పల్చటి క్రోమియం ఆక్సైడ్ పొర. ఆ కడిగే ద్రావణంలో ఉండే క్లోరైడ్ దాన్ని ఒక్కచోట ఛేదిస్తే చాలు, ఆ గుంటలో ఆమ్లం పెరిగి లోపలికి తొలుచుకుంటూ పోతుంది. 316లో ఉండే 2-3 శాతం మాలిబ్డినం కొంతవరకే ఆపుతుంది. క్లోరైడ్‌కి తోడు వేడి 60 డిగ్రీలు దాటితే వెల్డింగ్ దగ్గర పగుళ్ల భయం కూడా ఉంటుంది. అలాంటి చోట మేం క్లోరైడ్‌ని ఇంకా బాగా తట్టుకునే 2205 డ్యూప్లెక్స్ రకం స్టెయిన్‌లెస్ వేయమనే చెబుతాం.

అలాగని ఖరీదైన లోహం వేస్తే టెన్షన్ తీరిపోతుందని కాదు. 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మామూలు కార్బన్ స్టీల్ ట్యాంకులో నిల్వ చేస్తారు. అందులో నీళ్లు చేరి ఆమ్లం పలచబడితే అదే స్టీలు కరిగిపోతుంది. సముద్రపు నీటికి చెక్కుచెదరని టైటానియం, తేమలేని క్లోరిన్ వాయువు తగిలితే అంటుకుంటుంది.

అందుకే ఇకమీదట "ఎస్ఎస్ 316, రేటెంత?" అంటే వెంటనే కొటేషన్ ఇవ్వం. గరిష్ఠ ఉష్ణోగ్రత, నీటిలో క్లోరైడ్ ఎంత, దేంతో కడుగుతారు, ప్లాంటు ఆపినప్పుడు లోపల ఏం మిగులుతుంది, ఇవన్నీ చెప్పాలి. వెల్డింగ్ మచ్చలు పోయేలా ప్రతి ట్యాంకుకీ పిక్లింగ్ (ఆమ్లంతో శుభ్రం చేయడం) చేస్తాం కాబట్టి డెలివరీ ఓ వారం ఆలస్యమవుతుంది.

మా పాత ట్యాంకులు వాడుతున్నవాళ్లు, కడిగాక టార్చి వేసి అడుగున నీళ్లు నిలుస్తున్నాయేమో చూడండి. నిలుస్తుంటే ఫోన్ చేయండి. నాజిల్ సరిచేసి ఇస్తాం, డబ్బులు తీసుకోం.