ట్రాక్‌బాల్ పెట్టెలలో బోర్డు మారుతోంది: మా ఖాతాదారులకు మనవి

తిరుపతిలోని మా దుకాణంలో ట్రాక్‌బాల్ (తిప్పితే తెర మీద గురిని కదిలించే బంతి) అమర్చిన ఆర్కేడ్ పెట్టెల (వీడియో గేమ్ ఆడే పెట్టెల) కోసం అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్నవారికీ, ఇదివరకే తీసుకువెళ్లి నడుపుకుంటున్నవారికీ ఈ మనవి. బంతి కదలికను కంప్యూటరుకు చేరవేయడానికి, కింద బంతి దొర్లే పాత మౌస్ నుంచి తీసిన బోర్డును ఇకమీదట తయారయ్యే పెట్టెలలో వాడము. దానికి బదులు ఏటీమెగా 32యూ4 చిప్ ఉన్న చిన్న బోర్డును అమర్చి, అందులోకి ప్రోగ్రామును మేమే ఎక్కించి ఇస్తాము. దీనివల్ల పెట్టె ధర 650 రూపాయలు పెరుగుతుంది. అడ్వాన్సు ఇచ్చినవారి వద్ద ఆ తేడాను వసూలు చేయము.

పాత పద్ధతి చెడ్డదేమీ కాదు. ట్రాక్‌బాల్ లోపల బంతిని ఆనుకొని రెండు రోలర్లు తిరుగుతుంటాయి. ఒక్కొక్క రోలరు చివర సన్నని చీలికలున్న చక్రం, ఆ చక్రానికి ఒక పక్క పరారుణ కాంతినిచ్చే ఎల్‌ఈడీ, మరో పక్క ఆ కాంతిని పసిగట్టే రెండు సెన్సర్లు ఉంటాయి. ఆ రెండింటి సంకేతాలు 90 డిగ్రీల తేడాతో వస్తాయి గనుక, ఏది ముందు మారిందన్నదాన్ని బట్టి బంతి ఎటు తిరిగిందో, ఎన్నిసార్లు మారిందన్నదాన్ని బట్టి ఎంత తిరిగిందో తెలుస్తుంది. బంతి మౌస్ లోపల ఉన్నదీ ఇదే ఏర్పాటు. అందుకే మౌస్ బోర్డు మీది మూడు కాళ్ల సెన్సర్లను ఊడదీసి, సంకేతాలు వెళ్లే రెండు కాళ్ల చోట ట్రాక్‌బాల్ తీగలను సోల్డరింగ్ చేసి, 5 వోల్టుల తీగనూ గ్రౌండునూ కలిపితే, కంప్యూటరు దానిని మామూలు మౌస్‌గానే చూస్తుంది. ఇప్పటి ఆప్టికల్ మౌస్‌లు ఇందుకు పనికిరావు. అవి బల్ల ఉపరితలాన్ని చిన్న కెమెరా వంటి సెన్సరుతో చూసి కదలికను లెక్కగడతాయి గనుక, స్క్రోల్ చక్రం దగ్గర తప్ప ఈ తీగలు కలిపే చోటు వాటిలో ఉండదు.

చిక్కు అక్కడే మొదలైంది. బంతి మౌస్‌లు ఇక్కడి పాత సామాన్ల కొట్లలోనూ, చెన్నై రిచీ స్ట్రీటులోనూ వెతికితే ఇంకా దొరుకుతాయి గానీ, ఒకదానిలాంటిది మరొకటి రాదు. సెన్సరు మధ్య కాలు చాలా బోర్డులలో 5 వోల్టులకే వెళుతుంది. అయినా ప్రతిదాన్నీ మల్టీమీటరుతో చూడకుండా తీగ పెట్టలేము. పైగా ఎక్కువ వాటికి గుండ్రని ఆకుపచ్చ పీఎస్/2 ప్లగ్గే ఉంటుంది. దానిని యూఎస్‌బీగా మార్చే చవక కన్వర్టరు కేవలం తీగల మార్పిడి మాత్రమే. మౌస్ చిప్‌కు రెండు పద్ధతులూ తెలిసి ఉంటేనే అది పనిచేస్తుంది.

ఇంతకంటే పెద్ద కారణం వేగం. 1978లో అటారీ తెచ్చిన ఫుట్‌బాల్ ఆటలో గానీ, 1980 నాటి మిసైల్ కమాండ్‌లో గానీ ఆటగాడు బంతిని వేలితో నెమ్మదిగా తిప్పడు, అరచేతితో కొట్టి వదిలేస్తాడు. మేము వాడే 3 అంగుళాల బంతి బరువుకు తానే ఇంకా తిరుగుతూ ఉంటుంది; మౌస్‌లోని చిన్న బంతికి అంత వేగం ఎన్నడూ అవసరపడలేదు. సంకేతం మారే వేగాన్ని చిప్ చూసే వేగం అందుకోలేకపోతే, సినిమాలో బండిచక్రం వెనక్కు తిరుగుతున్నట్టు కనిపించే తీరుగానే, తెర మీద గురి ఒక్కసారిగా వెనక్కు జారుతుంది. చిత్తూరు నుంచి ఒక గేమ్ సెంటర్ యజమాని చేసిన ఫిర్యాదు ఇదే. తీగలు, రోలర్లు, బేరింగులు అన్నీ బాగానే ఉన్నాయి. తప్పు బోర్డు తాహతులో ఉంది, దానిని సరిచేసే మార్గం లేదు.

కొత్త బోర్డు ప్రతి మార్పునూ ఇంటరప్ట్ ద్వారా, అంటే సంకేతం మారగానే చేస్తున్న పనిని ఆపి, వెంటనే లెక్కలోకి తీసుకుంటుంది. సాధారణ మౌస్ రిపోర్టులో (మౌస్ కంప్యూటరుకు పంపే ఒక్కో కదలిక సమాచారంలో) ఒక దిశకు 127కు మించిన సంఖ్య పట్టదు కాబట్టి, మిగిలినదానిని పారేయకుండా తరువాతి రిపోర్టులో పంపేలా ప్రోగ్రాము రాశాము. వేగాన్ని ఎవరికి తగినట్టు వారికి తగ్గించి, పెంచి ఇవ్వగలము కూడా. చేతి వణుకు వల్ల మౌస్ పట్టుకోలేని పెద్దల కోసం ట్రాక్‌బాల్ అడిగేవారికి ఇది బాగా పనికొస్తుంది.

ఇప్పటికే మా పెట్టె ఉన్నవారు, గురి వెనక్కు జారే ఇబ్బంది లేకపోతే, ఏమీ మార్చుకోనక్కర లేదు. ఇబ్బంది ఉంటే పెట్టె మొత్తం మోసుకురావద్దు. ట్రాక్‌బాల్‌నూ బోర్డునూ విప్పి తెస్తే చాలు, బోర్డు ధర మాత్రమే తీసుకొని మార్చి ఇస్తాము. పాత మౌస్ బోర్డు కాలిపోతే అలాంటిదే మళ్లీ తెచ్చి వేస్తామని మాత్రం ఇక మాట ఇవ్వలేము.

విడిగా ట్రాక్‌బాల్ కొని ఇంట్లో కలుపుకొనేవారికి రెండు మాటలు. గురి కుడికి బదులు ఎడమకు పోతే ఆ దిశకు చెందిన రెండు సంకేతాల తీగలను తారుమారు చేయండి. పైకి తిప్పితే పక్కకు పోతుంటే రెండు జతలనూ ఒకదాని చోట మరొకటి పెట్టండి. మా బోర్డుకు బదులు రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు వాడదలచినవారు 5 వోల్టుల సంకేతాన్ని నేరుగా దానికి ఇవ్వకండి, అది 3.3 వోల్టుల బోర్డు. మధ్యలో వోల్టేజిని తగ్గించే లెవెల్ కన్వర్టరు పెట్టాలి.

అడ్వాన్సు ఇచ్చినవారి పెట్టెలను బుక్ చేసిన వరుసలోనే ఇస్తాము. ఆలస్యం వద్దనుకొనేవారు రసీదు చూపించి డబ్బు వెనక్కు తీసుకోవచ్చు.