ప్రాజెక్టులను మైకు ముందు పరీక్షించండి

తెలంగాణ విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. నేను ఇంజనీరింగ్ కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) విద్యార్థులకు డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, అంటే ధ్వని వంటి సంకేతాలను అంకెలుగా మార్చి విశ్లేషించే విద్య, బోధిస్తాను. చివరి ఏడాది ప్రాజెక్టుల వైవా (మౌఖిక పరీక్ష) గురించి ఒక విన్నపం.

సంగీతం, కంఠధ్వని మీద మా పిల్లలు చేసే ప్రాజెక్టులు చాలావరకు, ముందే రికార్డు చేసిన ఫైలును మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వచ్చిన గ్రాఫును రిపోర్టులో అతికించడంతో ముగుస్తున్నాయి. అమీర్‌పేటలో కొనుక్కొచ్చిన ప్రాజెక్టుకూ, నిద్ర మానుకుని చేసిన ప్రాజెక్టుకూ ఈ పద్ధతిలో తేడా బయటపడదు. (అమ్మేవాళ్లను అని లాభం లేదు, మనం అడుగుతున్నదే వాళ్లు అమ్ముతున్నారు.)

అదే విద్యార్థులను, ఎదుట ఒకరు పాడుతుండగా స్వరం పేరు అప్పటికప్పుడు తెర మీద చూపించమంటే అసలు చదువు మొదలవుతుంది. షడ్జమం (స) 131 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 131 కంపనాల దగ్గర, ఉన్న గొంతులో దాని పక్కనున్న శుద్ధ రిషభానికి (రి) ఎడం సుమారు 9 హెర్ట్జ్. సెకనుకు 44,100 శాంపిళ్లు (ధ్వని కొలతలు) తీసుకుని 1,024 శాంపిళ్లకు ఎఫ్‌ఎఫ్‌టీ (ధ్వనిని హెర్ట్జ్ గడులుగా విడదీసే లెక్క) కడితే ఒక్కో గడి వెడల్పు 43 హెర్ట్జ్ కాబట్టి ఆ రెండు స్వరాలూ ఒకే గడిలో పడతాయి. పోనీ 8,192 తీసుకుందామంటే గడి 5.4 హెర్ట్జ్‌కు సన్నబడుతుంది గానీ, అవి పోగయ్యేసరికి 186 మిల్లీసెకన్లు గడిచి, గమకం ఊగి వెళ్లిపోయి ఉంటుంది. ఆటోకోరిలేషన్ (ధ్వని తరంగాన్ని కాస్త జరిపి దానితోనే పోల్చే పద్ధతి) పట్టుకుంటే రెండు మూడు కంపనాలతో, అంటే పాతిక మిల్లీసెకన్ల లోపే, స్వరం ఎత్తు దొరుకుతుంది. కాకపోతే అది అప్పుడప్పుడు మధ్యస్థాయి షడ్జమాన్ని మంద్రస్థాయిదిగా పొరబడుతుంది. ఈ తికమకను తన చేతులతో విప్పుకున్న పిల్లవాడికి శాంప్లింగ్ గురించి మళ్లీ పాఠం చెప్పనక్కర్లేదు.

ఖర్చు అడ్డంకి కాదు. ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ (ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటర్) బోర్డు, డిజిటల్ మైకు కలిపి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా వస్తాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మైక్రోకంట్రోలర్ కోర్సు విద్యార్థులు ఇలాంటి సంగీత పరికరాలు ఎన్నో తయారుచేసి, సర్క్యూట్లు, ప్రోగ్రాములతో సహా ఎవరైనా చూసేలా ఉంచారు.

కనుక ధ్వనికి సంబంధించిన ప్రతి ప్రాజెక్టునూ బయటి పరీక్షకుడు తానే మైకులో మాట్లాడి గానీ పాడి గానీ పరీక్షించాలనీ, నున్నటి రిపోర్టు కన్నా తడబడుతూనైనా ఎదుట పనిచేసిన పరికరానికే ఎక్కువ మార్కులు వేయాలనీ ఉన్నత విద్యా మండలి ద్వారా విశ్వవిద్యాలయాలకు సూచించవలసిందిగా కోరుతున్నాను. వైవాకు ఫ్యాను చప్పుడు లేని ఒక గది కూడా ఇప్పించండి.

భవదీయుడు,
ఒక అధ్యాపకుడు